పాత డీవీడీ రైటర్‌లో మోటార్లు, లెన్స్ కాయిళ్లు నడపడం: మీటర్ పెట్టే దగ్గర నుంచి లెన్స్ ఊగేదాకా

"అన్నా, డీవీడీ రైటర్ విప్పినాను. స్లెడ్ మోటార్‌కు నాలుగు వైర్లుండాయి, ఏది దేనికి?" "సార్, లెన్స్‌కు 5 వోల్టులు ఇస్తే ఒకసారి ఎగిరింది, ఆ తర్వాత కదల్లేదు." తిరుపతిలో ప్రాజెక్టుల కాలం మొదలైతే నాకు ఇవే ప్రశ్నలు వస్తాయి. మినీ సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే చిన్న చెక్కుడు యంత్రం) చేసే పిల్లలు అడుగుతారు, ఇంట్లో భక్తి పాటల సీడీలు పెట్టుకునే ప్లేయర్ ఆగిపోయినవాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

చదివే ముందు ఒక్కటి ఒప్పుకోండి: ముందు కాయిల్ ఎన్ని ఓంలో కొలవాలి, కరెంటుకు హద్దు పెట్టాలి, ప్రోగ్రామ్ గురించి ఆ తర్వాతే ఆలోచించాలి. నా దగ్గరికి వచ్చే కాలిపోయిన పికప్పుల్లో (లెన్సు, లేజరు ఉండే భాగం) చాలావాటికి ప్రోగ్రామ్ బాగానే ఉంటుంది, కరెంటు లెక్క మాత్రం ఎవరూ వేసి ఉండరు.

1. లోపల ఎవరి పని ఏమిటి

డ్రైవ్‌లో కదిలేవి ఐదు.

ట్రే మోటార్ మామూలు డీసీ మోటార్. రబ్బరు బెల్టు, పళ్ల చక్రాలతో ట్రేను బయటికి, లోపలికి నడుపుతుంది.

స్పిండిల్ మోటార్ డిస్కును తిప్పుతుంది. పాత ఆడియో ప్లేయర్లలో ఇది రెండు వైర్ల బ్రష్ మోటార్. కంప్యూటర్ డ్రైవ్‌లలో బ్రష్‌లు లేని మూడు ఫేజుల మోటార్, పక్కనే అయస్కాంతం ఎక్కడుందో చెప్పే హాల్ సెన్సర్లు.

స్లెడ్ మోటార్ లెన్సు ఉన్న పికప్ మొత్తాన్ని డిస్కు లోపలి అంచు నుంచి బయటి అంచుకు జరుపుతుంది. డీవీడీ రైటర్లలో ఎక్కువగా స్క్రూ రాడ్డుతో వచ్చే స్టెప్పర్ (ఒక్కో మెట్టుగా తిరిగే మోటార్) ఉంటుంది. ఆడియో ప్లేయర్లలో పళ్ల చక్రాలున్న డీసీ మోటార్.

మిగిలినవి ఫోకస్ కాయిల్, ట్రాకింగ్ కాయిల్. రెండూ లెన్సు చుట్టూ అతికించి, అయస్కాంతాల మధ్య సన్నటి తీగల మీద వేలాడుతుంటాయి. ఫోకస్ లెన్సును పైకి కిందికి, ట్రాకింగ్ పక్కలకు కదుపుతుంది. వేలాడదీసే ఆ తీగలే కాయిళ్లకు కరెంటు కూడా తీసుకెళ్తాయి.

వీటికి అంత సున్నితం ఎందుకంటే, తిరిగే సీడీ అర మిల్లీమీటరు దాకా పైకి కిందికి ఊగవచ్చు. లెన్సు మాత్రం దానికి రెండు మైక్రాన్ల తేడాలో తోడు నడవాలి. సీడీలో ట్రాకుకూ ట్రాకుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74 మైక్రాన్లు. ఏ పళ్ల చక్రమూ అంత కచ్చితంగా, అంత వేగంగా కదల్లేదు. గాలిలో వేలాడే కాయిల్‌తోనే అది అవుతుంది.

డిస్కు చదవాలంటే లేజరు, నాలుగు ముక్కల ఫొటో డిటెక్టరు, లెన్సును, మోటార్లను సరిదిద్దుతూ నడిపే సర్వో చిప్పు అన్నీ కలిసి పనిచేయాలి. మనం ఇక్కడ అంత దూరం పోవడం లేదు. ప్రతి మోటార్‌నూ, ప్రతి కాయిల్‌నూ విడిగా మన ఆజ్ఞ ప్రకారం కదిలించడం వరకు చూద్దాం. రిపేరు చేసేవాళ్ల కోసం 8వ భాగం ఉంది.

2. బల్ల మీద ఉండాల్సినవి

☐ పాత డీవీడీ రైటర్. పాత సామాన్ల అంగళ్లలో దొరుకుతుంది. వీలైతే రెండు తీసుకోండి, ఒకటి నేర్చుకోవడానికే పోతుంది.
☐ డిజిటల్ మల్టీమీటర్, 200 ఓంల రేంజ్ ఉన్నది.
☐ ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న కంట్రోల్ బోర్డు).
☐ డీఆర్‌వీ8833 డ్రైవర్ బోర్డులు (ఆర్డుయినో ఆజ్ఞ ప్రకారం మోటార్‌కు కరెంటు ఇచ్చేవి) రెండు: ఒకటి ట్రేకు, ఒకటి లెన్సుకు.
☐ ఏ4988 బోర్డు ఒకటి (స్లెడ్‌కు), ఎల్298ఎన్ బోర్డు ఒకటి (స్పిండిల్‌కు).
☐ రెసిస్టర్లు: 47 ఓం 1 వాట్‌వి రెండు, 10 ఓం 5 వాట్‌వి మూడు, 10 ఓం అర వాట్‌ది ఒకటి.
☐ 5, 9, 12 వోల్టుల సప్లైలు. 5, 12లకు పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది.
☐ సన్న ఎనామెల్ తీగ, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్.
☐ 1.5 వోల్టుల సెల్లు ఒకటి.

డ్రైవర్ బోర్డులు ఊళ్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పొద్దున రైలు పట్టుకుని చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లివస్తే, మీటర్ పెట్టి చూసి మరీ కొనుక్కోవచ్చు. వెళ్లేముందు జాబితా కాగితం మీద రాసుకోండి. ఒక్క రెసిస్టర్ కోసం మళ్లీ టికెట్ కొన్న రోజులు నాకున్నాయి.

లెన్సు పని మొదలుపెట్టేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఆ గాలికి లెన్సు ఊగుతుంది, మీ ప్రోగ్రామే ఊపుతోందని అనుకుంటారు. దుమ్ము సంగతి సరేసరి.

3. లేజరును ముందే పక్కన పెట్టండి

ఈ మెట్టు దాటేసి ముందుకు పోవద్దు. డీవీడీ రైటర్‌లో 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, సీడీల కోసం 780 నానోమీటర్ల పరారుణ లేజరు ఉంటాయి. రెండోది కంటికి దాదాపు కనిపించదు. డిస్కు మీద రాయగల లేజరు రెప్ప వేసేలోపే కంటికి శాశ్వత నష్టం చేయగలదు.

మొదట డ్రైవ్‌కు కరెంటు తీసేయండి. పికప్ నుంచి బోర్డుకు వెళ్లే వెడల్పాటి ఫ్లెక్స్ కేబుల్ ఊడదీయండి, మళ్లీ పెట్టొద్దు. లేజర్ డయోడ్ కాళ్ల మీద చిన్న సోల్డర్ చుక్క వేసి షార్ట్ చేయండి. మన ప్రయోగానికి లేజరు అక్కర్లేదు, లెన్స్ కాయిళ్లకు కరెంటు వేరే దారిలో ఇస్తాం.

4. మీటర్‌తో తీగలు గుర్తుపట్టడం

రంగుల్ని నమ్మొద్దు, కంపెనీకో తీరుగా ఉంటాయి. ముందు మీటర్ ముల్లులు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో రాసుకోండి. చిన్న ఓంలు కొలిచేటప్పుడు అది తీసేయాలి.

స్లెడ్ స్టెప్పర్: నాలుగు వైర్లు, రెండు జతలు. ఒక జత మధ్య సుమారు 10 ఓంలు చూపిస్తుంది, వేరే జత వైర్‌తో ఏమీ చూపించదు.

లెన్సు: పికప్ వెనక వైపు సన్న తీగలు వచ్చి ఆగే సోల్డర్ చుక్కలు నాలుగుంటాయి. ఇక్కడ కూడా రెండు జతలు, జతకు కొన్ని ఓంలు. ఆరు తీగలుంటే మూడో జత లెన్సును వాల్చే టిల్ట్ కాయిల్, దాన్ని వదిలేయండి.

స్పిండిల్: ఫ్లెక్స్ మీద పదికి పైగా దారులుంటాయి. ఏ రెండింటి మధ్య చూసినా ఒకే రకంగా కొద్ది ఓంలు చూపించే మూడు ఎక్కడున్నాయో వెతకండి, ఫేజులు అవే. హాల్ సెన్సర్ల దారులు వందల ఓంలలో చూపిస్తాయి. ఫేజుల వోల్టేజీ వాటికి తగిలితే సెన్సర్ పోతుంది.

కొలిచినవన్నీ కాగితం మీద బొమ్మ గీసి రాసుకోండి. ఈ ఒక్క కాగితం తర్వాత గంటలు మిగులుస్తుంది.

5. ట్రే, స్లెడ్

ట్రేతో మొదలుపెట్టండి, చేయి కుదురుకుంటుంది. రెండు వైర్లూ డీఆర్‌వీ8833 ఒక ఛానల్‌కు, సప్లై 5 వోల్టులు. ఒక ఇన్‌పుట్ హై (5 వోల్టులు), ఒకటి లో (0 వోల్టులు) ఇస్తే ట్రే ఒక వైపు వస్తుంది, తిరగేస్తే రెండో వైపు. ట్రే చివరికి చేరగానే మోటార్ ఆపాలి. అందుకోసం లోపల చిన్న లిమిట్ స్విచ్‌లున్నాయి, వాటిని ఆర్డుయినోతో చదివించండి. మోటార్ తిరుగుతూ ట్రే రాకపోతే బెల్టు సాగిపోయింది, మార్చాల్సిందే.

ఇక స్లెడ్. ఈ స్టెప్పర్లు ఎక్కువగా చుట్టుకు 20 స్టెప్పులవి, స్క్రూ రాడ్డు ఒక చుట్టుకు 3 మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే స్టెప్పుకు 0.15 మిల్లీమీటరు. మొత్తం ప్రయాణం సుమారు 40 మిల్లీమీటర్లు, 270 స్టెప్పుల లోపే.

మెట్టు 1. ముందు మెట్టు 3లో చెప్పిన కరెంటు సరిచేసి, ఆ తర్వాత పవర్ ఆపి, ఒక జతను ఏ4988లో ఒక కాయిల్ పిన్నులకు, రెండో జతను రెండో కాయిల్ పిన్నులకు కలపండి.

మెట్టు 2. మోటార్ సప్లై 12 వోల్టులు. ఏ4988కు మోటార్ సప్లై 8 వోల్టుల కంటే తగ్గకూడదు. 5 వోల్టులు ఇచ్చి "బోర్డు చెడిపోయింది" అనేవాళ్లు చాలామంది.

మెట్టు 3. కరెంటు 200 మిల్లీ ఆంపియర్లకు కట్టండి. లెక్క ఇది: బోర్డు మీద రెఫరెన్స్ వోల్టేజీ = కరెంటు × 8 × సెన్స్ రెసిస్టర్. బోర్డు మీద చిన్న రెసిస్టర్‌పై ఆర్100 అని ఉంటే 0.1 ఓం, రెఫరెన్స్ 0.16 వోల్టులు పెట్టాలి. ఆర్050 అయితే 0.08 వోల్టులు. మోటార్ కలపకముందే బోర్డు మీది చిన్న స్క్రూ (పొటెన్షియోమీటర్) తిప్పి ఇది సరిచేయండి.

మెట్టు 4. ఫుల్ స్టెప్‌లో సెకనుకు 50 స్టెప్పులతో మొదలుపెట్టండి. సాఫీగా పోతే మెల్లగా పెంచండి.

మెట్టు 5. ఇల్లు చూపించండి: ఒకే వైపు 280 స్టెప్పులు నడిపితే పికప్ చివర తగిలి ఆగుతుంది. ఆ చోటే సున్నా. కరెంటు తక్కువగా కట్టాం కాబట్టి చివర టకటకమన్నా నష్టం లేదు.

మోటార్ ముందుకు పోకుండా అక్కడే వణికితే, ఒక జతలోని వైరు రెండో జతకు వెళ్లింది. పవర్ ఆపాకే మార్చండి. నడుస్తుండగా స్టెప్పర్ వైరు పీకితే ఏ4988 అక్కడికక్కడే పోతుంది.

రాడ్డు బిగుసుకుపోయి ఉంటే పాత గ్రీజు ఎండిపోయింది. మన ఎండలకు, దుమ్ముకు అది గట్టి మైనంలా అవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్లాస్టిక్‌కు పడే పల్చటి తెల్ల గ్రీజు కొంచెం రాయండి. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె మాత్రం పోయొద్దు. అవి పాకుతూ పోయి లెన్సు మీదికి చేరుతాయి.

6. లెన్స్ కాయిళ్లు

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే, ఎక్కువ సంతోషం ఇచ్చేదీ ఇదే.

మొదటిసారి నేను చేసిన తప్పు చెబుతాను. ఫోన్ చార్జరు 5 వోల్టులు నేరుగా ఫోకస్ కాయిల్‌కు తాకించాను. లెన్సు టక్కున ఎగిరింది, రెండు సెకన్లలో సన్నటి పొగ, జిగురు మెత్తబడి లెన్సు పక్కకు వాలిపోయింది. 6 ఓంల కాయిల్‌లో 5 వోల్టులకు 0.8 ఆంపియర్లకు పైగా పోతుంది, అంటే 4 వాట్ల వేడి. కందిగింజంత కాయిల్ దాన్ని ఎలా తట్టుకుంటుంది?

అందుకే 47 ఓంల రెసిస్టర్. 5 వోల్టులను 53 ఓంలతో భాగిస్తే 94 మిల్లీ ఆంపియర్లు. ఎంత ప్రోగ్రామ్ తప్పినా అంతకు మించి పోదు. రెసిస్టర్‌లో 0.4 వాట్ పైగా వేడి పుడుతుంది కాబట్టి 1 వాట్‌ది వాడమన్నాను. ఆర్డుయినో పిన్నుకు నేరుగా కలిపే ఆలోచన వద్దు. పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకానే తీసుకోవడం మంచిది.

మెట్టు 1. సెల్లు పరీక్ష. 1.5 వోల్టుల సెల్లుకు 10 ఓంల రెసిస్టర్ వరుసగా కలిపి ఒక జతకు క్షణం తాకించండి. లెన్సు పైకో కిందికో కదిలితే అది ఫోకస్. పక్కకు జరిగితే ట్రాకింగ్. సెల్లు తిరగేస్తే ఎదురు వైపు కదలాలి. ఏ తీగకు ప్లస్ ఇస్తే పైకి వస్తుందో బొమ్మలో గుర్తు పెట్టండి.

రెండు వైపులా సమంగా కదలకపోతే లెన్సు ఎక్కడో రాసుకుంటోంది. భూతద్దంతో చూస్తే మధ్యలో వెంట్రుకో ఇనుప పొడో కనిపిస్తుంది. అయస్కాంతాల దగ్గర ఇనుప పొడి బాగా పట్టుకుంటుంది. టేప్ ముక్క జిగురు వైపు తాకించి తీయండి, ట్వీజర్ వాడితే తీగ వంగుతుంది.

మెట్టు 2. తీగలు అతికించడం. సోల్డర్ చుక్కకు ఫ్లక్స్ రాసి, ఎనామెల్ తీగ కొసకు ముందే టిన్ను పట్టించి, ఒక్క సెకనులో అతికించాలి. ఐరన్ ఎక్కువసేపు పెడితే లోపలి సన్న తీగ ఊడుతుంది. అతికించాక మళ్లీ ఓంలు కొలవండి.

మెట్టు 3. డ్రైవర్. ఫోకస్ జతను 47 ఓంల ద్వారా డీఆర్‌వీ8833 మొదటి ఛానల్‌కు, ట్రాకింగ్ జతను ఇంకో 47 ఓంల ద్వారా రెండో ఛానల్‌కు కలపండి. ఫోకస్ ఇన్‌పుట్లు ఊనో 9, 10 పిన్నులకు, ట్రాకింగ్‌వి 3, 11 పిన్నులకు. ఊనో గ్రౌండ్, డ్రైవర్ గ్రౌండ్ కలిసి ఉండాలి.

మెట్టు 4. పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసి సగటు తగ్గించే పద్ధతి) వేగం. ఊనో మామూలుగా ఈ పిన్నుల మీద సుమారు 490 హెర్ట్జ్ ఇస్తుంది. ఆ వేగానికి లెన్సు దోమలా గుయ్‌మని పాడుతుంది. టైమర్ 1, టైమర్ 2 రెండింటి ప్రీస్కేలర్ (గడియారం వేగాన్ని భాగించే సంఖ్య) 1కి మారిస్తే 31 కిలోహెర్ట్జ్ దాటుతుంది, శబ్దం ఆగిపోతుంది. టైమర్ 0 జోలికి వెళ్లొద్దు, డిలే, మిల్లీస్ లెక్కలన్నీ తప్పుతాయి. సర్వో లైబ్రరీ టైమర్ 1ను, టోన్ టైమర్ 2ను వాడుకుంటాయి కాబట్టి అదే ప్రోగ్రామ్‌లో అవి ఉండకూడదు.

మెట్టు 5. మొదటి కదలిక. ఒక ఇన్‌పుట్ లో లోనే ఉంచి, రెండో దానికి పీడబ్ల్యూఎం విలువ 255లో 20 ఇవ్వండి. కొంచెం కదులుతుంది. పదేసి చొప్పున పెంచండి. దిశ మార్చాలంటే రెండు ఇన్‌పుట్ల పాత్రలు మార్చాలి. రెండూ లో అయితే లెన్సు తన మధ్య చోటుకు వస్తుంది.

మెట్టు 6. ఊగించడం. సైన్ పట్టిక రాసుకుని సెకనుకు ఒకటి రెండు సార్లు ఫోకస్‌ను పైకి కిందికి నడపండి. ప్లేయర్ ఆన్ చేయగానే లెన్సు డిస్కు కోసం వెతుకుతూ చేసే కదలిక దాదాపు ఇదే. తర్వాత ట్రాకింగ్‌కు అదే సైన్‌ను పావు చుట్టు ఆలస్యంగా ఇస్తే లెన్సు గాలిలో చిన్న కోడిగుడ్డు ఆకారం గీస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి.

వేగం పెంచుతూ పోతే కొన్ని పదుల హెర్ట్జ్ దగ్గర లెన్సు హఠాత్తుగా రెట్టింపు ఊగుతుంది. అది ఆ తీగల సహజమైన ఊపు. ఆ దగ్గరికి వెళ్లేముందు విలువ సగానికి తగ్గించండి, లేదంటే లెన్సు చివరలకు కొట్టుకుంటుంది.

పవర్ ఇచ్చే ముందు:
☐ రెండు జతలకూ 47 ఓంలు ఉన్నాయా?
☐ ప్రోగ్రామ్ మొదటి వరుసల్లోనే నాలుగు పిన్నులూ లో అవుతున్నాయా?
☐ లేజరు కాళ్ల మీద సోల్డర్ చుక్క ఉందా?
☐ ఫ్యాన్ ఆపారా?

7. స్పిండిల్

మూడు ఫేజుల మోటార్‌కు ప్లస్, మైనస్ ఇస్తే ఒకసారి కుదిపి ఆగిపోతుంది. వరుస మారుస్తూ ఉంటేనే తిరుగుతుంది.

ఎల్298ఎన్‌లో నాలుగు సగం బ్రిడ్జిలున్నాయి (ఒక వైర్‌ను ప్లస్‌కో గ్రౌండ్‌కో కలిపే స్విచ్ జతలు), మూడు వాడుకుందాం. రెండు ఎనేబుల్ పిన్నులూ హై. ప్రతి ఫేజుకూ 10 ఓం 5 వాట్ రెసిస్టర్ వరుసగా, సప్లై 9 వోల్టులు. బోర్డులోనే సుమారు 2 వోల్టులు పోతాయి, మిగిలినదానికి కరెంటు దాదాపు 0.4 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది.

మూడు ఇన్‌పుట్లకు ఇవ్వాల్సిన వరుస (1 అంటే హై, 0 అంటే లో): 100, 110, 010, 011, 001, 101. మళ్లీ మొదటి నుంచి. వెనక్కి చదివితే మోటార్ వెనక్కి తిరుగుతుంది.

ఈ మోటార్లలో ఎక్కువగా 12 అయస్కాంత ధ్రువాలుంటాయి. అప్పుడు ఒక చుట్టుకు 36 మెట్లు. మెట్టుకు 28 మిల్లీ సెకన్లు ఇస్తే నిమిషానికి సుమారు 60 చుట్లు. మోటార్ అంచుకు టేప్ ముక్క అంటించి మీదాంట్లో ఎన్ని మెట్లో లెక్కపెట్టుకోండి.

40 మిల్లీ సెకన్లతో మొదలుపెట్టి మెల్లగా 5 దాకా తగ్గించండి, 330 చుట్ల దాకా వస్తుంది. ఆడియో సీడీ లోపలి అంచు దగ్గర సుమారు 500, బయటి అంచు దగ్గర 200 చుట్లతో తిరుగుతుంది కాబట్టి మనం ఆ పరిధిలోకే వచ్చాం. ఒక్కసారిగా 5తో మొదలుపెడితే మోటార్ ఊగుతూ అక్కడే ఉంటుంది. అది చెడిపోవడం కాదు, వరుసను అందుకోలేకపోవడం.

మూత లేకుండా డిస్కు పెట్టి ఇంతకంటే వేగంగా తిప్పొద్దు. పగులు ఉన్న డిస్కు అసలు పెట్టొద్దు.

8. రిపేరు చేసేవాళ్లకు: అసలు ప్లేయర్‌లో ఎక్కడ చూడాలి

ప్లేయర్ బోర్డులో ఈ పనంతా నాలుగు ఛానళ్ల డ్రైవర్ ఐసీ చేస్తుంది. కేఏ9258డీ, బీఏ5954 ఆ రకానివి. టీడీఏ7073ఏ అయితే రెండు ఛానళ్లది. ప్రతి కాయిల్‌కూ రెండు అవుట్‌పుట్లు, రెండూ విశ్రాంతిలో సప్లైలో సగం వోల్టేజీ దగ్గర ఉంటాయి. సర్వో చిప్పు ఇచ్చే వోల్టేజీ రెఫరెన్స్ (పోల్చి చూసే స్థిర వోల్టేజీ) కంటే పెరిగితే కరెంటు ఒక వైపు, తగ్గితే ఇంకో వైపు.

అందువల్ల కాయిల్ ఏ కొసా గ్రౌండ్ కాదు. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను కాయిల్‌కు తగిలిస్తే ఐసీ షార్ట్ అవుతుంది. మీటర్‌ను రెండు కొసల మధ్య పెట్టండి, లేదంటే ఒక్కో కొసనూ బోర్డు గ్రౌండ్‌తో విడిగా చూడండి.

చూడాల్సిన వరుస: ఐసీకి సప్లై వచ్చిందా, రెఫరెన్స్ ఉందా, మ్యూట్ పిన్ను (అవుట్‌పుట్లను ఆపి ఉంచేది) విడుదలైందా, ఆ తర్వాత అవుట్‌పుట్. ఈ వరుస తప్పి ముందే ఐసీ మార్చినవాళ్లు మళ్లీ మొదటికే వస్తారు.

లెన్సు పైకి కిందికి వెతికి, డిస్కు తిరగకుండా ఆగితే కాయిల్, డ్రైవర్ బాగానే ఉన్నట్టు. లెన్సు మురికి, లేజరు బలహీనత వైపు చూడండి. లెన్సు అసలు కదలకపోతే కాయిల్ ఓంలు కొలవండి. తెగి ఉంటే పికప్ మార్చాలి, బాగుంటే డ్రైవర్ వైపు వెళ్లండి. మొదటి పాటలు బాగా వచ్చి మధ్యలో ఆగితే చాలాసార్లు స్లెడ్ దారిలో గ్రీజు ఎండిపోయి ఉంటుంది. ట్రాకింగ్ కాయిల్ కొంత దూరం లాగి, ఇక లాగలేక వదిలేస్తుంది.

ప్లేయర్ నడుస్తుండగా లెన్సు చూడాల్సివస్తే పక్క నుంచి వాలుగా, 30 సెంటీమీటర్లకు పైగా దూరం నుంచి చూడండి. పై నుంచి నేరుగా ఎప్పుడూ చూడొద్దు.

కొత్త పికప్ వేస్తే, దాని లేజరు మీద ఫ్యాక్టరీ వేసిన సోల్డర్ చుక్క ఉందేమో చూడండి. ముందు ఫ్లెక్స్ కేబుల్ బిగించి, ఆ తర్వాతే ఆ చుక్క తీయాలి. చుక్క తీసేశాక పవర్ ఇవ్వండి.